గోడ మీద పాస్‌వర్డ్

మా కొత్తలంకలో బుద్ధివారి తెలివి గురించి బుద్ధివారిని అడిగితే చాలు, పూట గడిచిపోతుంది. "ఇంటిపేరులోనే బుద్ధి ఉందండి ఆయ్, మళ్ళీ బుర్ర వాడి అరగదీసుకోడం ఎందుకు?" అంటాడు పెద్దవాడు అబ్బులు. ఆయన పక్కింట్లో తమ్ముడు తాతబ్బాయి. ఆ పక్కింట్లో చెల్లెలు నాగరత్నం, ఆవిడ దగ్గర తల్లి మంగయ్యమ్మ. ఇళ్ళు మూడు, టీవీలు మూడు. ఇంటర్నెట్‌లో సీరియళ్ళు చూపించే కంపెనీకి కట్టేది మాత్రం అబ్బులొక్కడే. పాస్‌వర్డ్ అందరికీ ఒకటే.

పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దని కంపెనీవాళ్ళు మొదట్లోనే అన్నారు. బుద్ధివారు మాటంటే మాటే. ఒక్కరూ నోరు విప్పలేదు. మర్చిపోకుండా మాత్రం అబ్బులు తన వీధి గోడ మీద, నీలం రంగుతో, బారెడేసి అక్షరాలతో రాసి పెట్టాడు. "చెప్పలేదు కదండీ, రాశాం అంతే!" ఇంకేముంది, వీధంతా ఉచితంగా చూడ్డం మొదలెట్టింది.

మంగయ్యమ్మకి ఒక్కటే సీరియల్. తప్పిపోయిన కూతుర్ని తల్లి గుర్తుపడుతుందా లేదా అని రెండేళ్ళ నుంచీ ఎదురుచూస్తోంది. కళ్ళలో శుక్లాలు. అయినా టీవీకి ముక్కు ఆనించి మరీ చూస్తుంది. ఆదివారం పొద్దున ఆఖరి భాగం. సోమవారం ఆవిడకి కంటి ఆపరేషన్. తర్వాత నెల్లాళ్ళు టీవీ చూడకూడదు, చదవకూడదు అన్నాడు డాక్టరు.

సరిగ్గా శుక్రవారం నాడు తమ్ముడి టీవీ, చెల్లెలి టీవీ ఆగిపోయి, వాటి మీద ఒక నోటీసు పడింది. ఒకే ఇంట్లో ఉండేవాళ్ళే చూడాలి, పంచుకోకూడదు అని. అబ్బులు కంపెనీకి ఫోన్ చేశాడు.

"ఒకే కప్పు కింద ఉండేవాళ్ళకేనండి" అంది ఫోన్లో అమ్మాయి.

"ఓస్, అంతేనా!" అన్నాడు అబ్బులు. శనివారం తెల్లారేసరికి షామియానా సూరయ్య చేత మూడిళ్ళ మీదుగా షామియానా వేయించేశాడు. ఒకటే కప్పు!

ఇంటి ముందు షామియానా లేచిందంటే మా ఊళ్ళో రెండే అర్థాలు. పెళ్ళి, లేదా చావు. ఆ మూడిళ్ళలో పెళ్ళీడువాళ్ళు లేరు. ఎనభై ఏళ్ళ మంగయ్యమ్మ ఉంది. ఇంకేముంది, దండలు పట్టుకుని జనం వచ్చేశారు. మేనల్లుడు వీరాసామి "అత్తా!" అని గుమ్మంలోనే గుండెలు బాదుకున్నాడు. మంగయ్యమ్మ వాణ్ణి దగ్గరికి తీసుకుని తనూ కాసేపు ఏడ్చి, "ఊరుకో నాయనా, ఎవరికైనా తప్పదు కదా. ఇంతకీ పోయిందెవర్రా?" అని అడిగింది.

"అమ్మ నిక్షేపంలా ఉందండి, పోయింది టీవీ" అని అబ్బులు అందరికీ కాఫీలిచ్చి పంపాడు. టీవీ మాత్రం రాలేదు. మళ్ళీ ఫోన్ చేస్తే, మీ వైఫై ఉన్న ఇంట్లోనే టీవీ ఉండాలి అంది ఆ అమ్మాయి.

అంతే, తమ్ముడి టీవీ, చెల్లెలి టీవీ మోసుకొచ్చి అబ్బులు హాల్లో తన టీవీ పక్కన పెట్టారు. షామియానా విప్పుతున్న సూరయ్య ఉండబట్టలేక, "మీ అమ్మగారే ఇక్కడికొచ్చి మీ టీవీలో చూడొచ్చు కదండీ?" అన్నాడు.

"మరి ఆవిడ టీవీ ఏమైపోవాలండీ? ఒక్కదాన్నీ అక్కడ వదిలేస్తామా?" అన్నాడు తాతబ్బాయి. సూరయ్య తాళ్ళు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం మూడు టీవీలూ ఒకేసారి పెట్టారు. రెండు వెలిగాయి. ఒకేసారి రెండు తెరల మీదే చూడాలని మూడోది మొరాయించింది. ఆ మూడోదే మంగయ్యమ్మది. అటు పెద్దకొడుకు టీవీలో తల్లి, ఇటు చిన్నకొడుకు టీవీలో అదే తల్లి. మంగయ్యమ్మ మెడ పక్కకి తిరిగింది.

"అమ్మా, చూడకే! అది అన్నయ్య టీవీ, పంచుకోకూడదన్నారు!" అని నాగరత్నం కేకేసింది. మంగయ్యమ్మ నిజాయితీగా రెండు చేతులతో కళ్ళు మూసుకుంది. చెవులకి చేతులు చాలలేదు. అవి నాగరత్నం మూసింది.

సీరియల్ అయిపోయింది. అన్నదమ్ములిద్దరూ కండువాలతో కళ్ళు తుడుచుకుంటున్నారు.

"గుర్తుపట్టిందా నాయనా?" అంది మంగయ్యమ్మ.

"చెప్తే పంచుకున్నట్టేనమ్మా."

"రెండేళ్ళు చూశాన్రా అబ్బులూ..." అంది ఆవిడ.

అబ్బులు వెర్రివాడే గానీ తల్లంటే ప్రాణం. లేచి అటూ ఇటూ తిరిగాడు. ఠక్కున వెలిగింది. చెప్పకూడదు గానీ రాయొచ్చు కదా! అంతే, నీలం రంగు తెచ్చి, గోడ మీద పాస్‌వర్డ్ కింద ముగింపంతా రాసేశాడు, బారెడేసి అక్షరాలతో. మంగయ్యమ్మ గోడకి ముక్కు ఆనించింది. మొదటి అక్షరం 'గు' వరకూ తెలిసింది. గుర్తుపట్టిందో, గుర్తుపట్టలేదో!

"ఆపరేషనయ్యాక హాయిగా చదువుకుంటాలే" అంది.

ఆ నెల్లాళ్ళూ ఊరంతా ఆ గోడ చదివి నిట్టూర్చింది. నల్లకళ్ళద్దాలతో అరుగు మీద కూర్చున్న మంగయ్యమ్మ వచ్చేపోయేవాళ్ళని అడిగేది. "అమ్మకి ఎవరూ చెప్పకండి, కంపెనీకి కోపం వస్తుంది" అని బుద్ధివారు ఊరందరి చేతా ఒట్టేయించుకున్నారు.

రేపు నల్లద్దాలు తీస్తారనగా అబ్బులు గోడకేసి చూశాడు. వానకి మరకలు కట్టి, మాసిపోయి ఉంది. "కొత్త కళ్ళతో అమ్మ మొట్టమొదట చదివేది ఈ మురికి గోడ మీదా!" అని నొచ్చుకున్నాడు. సున్నం తెచ్చి, తమ్ముణ్ణి తోడు పెట్టుకుని, ఈ మూల నుంచి ఆ మూలకి రెండు పూతలు వేశాడు. గోడకి తప్ప ఇంకెవరికీ గుర్తులేని పాస్‌వర్డ్ కూడా ఆ సున్నం కిందకే పోయింది.

మర్నాడు మంగయ్యమ్మ అద్దాలు తీసి, గోడ ముందు నిలబడి కళ్ళు తెరిచింది.

"ఎంత తెల్లగా ఉందిరా అబ్బులూ! ఎక్కడా ఒక్క మచ్చ లేదు."

"అంత శుభ్రంగా కనపడుతోందంటే ఆపరేషన్ బాగా అయినట్టేనమ్మా" అన్నాడు అబ్బులు పొంగిపోతూ. "ఇక చదువుకో!"