మూడో నిమిషంలో ఏముంది?

ముప్పై ఒక్కమంది ఆడవాళ్ళు, అందరూ సరిగ్గా ఒకేచోట ఎందుకు ఆగిపోయారో మునిచంద్రకు అంతుపట్టలేదు.

మునిచంద్ర తిరుపతిలో విద్యాశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. పనిచేసేచోట జనం ఆన్‌లైన్ పాఠాలతో ఎలా నేర్చుకుంటారన్నది అతని పరిశోధన. ఊరికి కాస్త దూరంలో పెళ్ళి షేర్వాణీలు కుట్టే కంపెనీ ఒకటుంది. అక్కడ కొత్తగా చేరిన రెండువందల పన్నెండు మందికి తలా ఒక ట్యాబ్ ఇచ్చి, కుట్టుపనంతా వీడియో పాఠాలుగా పెట్టారు. ఎవరు ఏ పాఠం ఎంతసేపు చూశారు, ఎక్కడ ఆపారు, ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టారు, అంతా ఎప్పటికప్పుడు నమోదైపోతుంది. ఆ వివరాలన్నీ మునిచంద్ర చేతికొచ్చాయి. మనవాడు వాటిని మూడునెలలు నమిలి నమిలి ఒక సూత్రం కనిపెట్టాడు. మనిషి ఎంత శ్రద్ధగా నేర్చుకుంటున్నాడో వందకు ఇంత అని తేల్చి చెప్పే సూత్రం. దానికి ‘శ్రద్ధాంకం’ అని పేరు కూడా పెట్టాడు. ఆ పేరు తట్టిన రోజున హాస్టల్లో కనిపించినవాడికల్లా టీ తాగించాడు.

సంగతి విని కంపెనీ మేనేజరు సంబరపడిపోయాడు. కొత్తవాళ్ళ ఆరునెలల గడువు ముగిసిపోతోంది. ఎవరిని పర్మినెంట్ చెయ్యాలో, ఎవరిని ఇంటికి పంపాలో తేల్చాలి. శ్రద్ధ లేనివాళ్ళ పేర్లు శనివారం సాయంత్రం ఐదింటికల్లా పంపించండి చాలు, మిగతాది మేం చూసుకుంటాం అన్నాడు.

సూత్రంలో వేసి చూస్తే అట్టడుగున ముప్పై ఒక్క పేర్లు తేలాయి. అంతవరకూ బాగానే ఉంది. అయితే ఆ ముప్పై ఒక్కమందీ దెబ్బతిన్నది ఒక్క పాఠంలోనే. చేత్తో కాజా కుట్టే పాఠం. గుండీ దూరే రంధ్రం చుట్టూ అంచు లేచిపోకుండా దారంతో ముడులు వేసుకుంటూ పోవాలి చూడండి, అది. వీడియో పద్నాలుగు నిమిషాలు. మిగతావాళ్ళు పద్నాలుగు నిమిషాల్లోనే చూసేసి అవతలి పాఠానికి వెళ్ళిపోయారు. వీళ్ళు మాత్రం మూడో నిమిషం దగ్గర ఆపేశారు. ఒకామె అరగంట, ఒకామె ముప్పావుగంట. శ్యామలమ్మ అనే ఆవిడైతే గంటా యాభై నిమిషాలు!

టీ వేళేమోనని చూశాడు, కాదు. ఒక్కొక్కరు ఒక్కో వేళలో ఆగారు. నెట్ పోయిందేమోనని చూశాడు, పోలేదు. ఆఖరికి ఆ వీడియోనే పదకొండుసార్లు వేసుకుని చూశాడు. మూడో నిమిషంలో ఏమీ లేదు. ఒక చెయ్యి, ఒక సూది, ఒక గుడ్డ. “సూది కొన చుట్టూ దారం తిప్పి, ఇలా లాగాలి” అని ఒక గొంతు. అంతే. ఇందులో ఆగిపోవడానికి ఏముందిరా దేవుడా అని జుట్టు పీక్కున్నాడు.

శనివారం మధ్యాహ్నం జాబితా పట్టుకుని తులసీబాయి మేడం గదికి వెళ్ళాడు. ఆవిడ అతని గైడు. రిటైరై మూడేళ్ళయినా డిపార్టుమెంటులో చివరి గది ఆవిడదే. ఆవిడ దగ్గర చదివినవాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ప్రశ్న అడిగితే ఆవిడ జవాబు చెప్పదు, పని చెబుతుంది. పోయినేడు ఒకడు ‘సమూహ అభ్యసనం’ అంటే ఏమిటని అడిగితే, డిపార్టుమెంటు బీరువా అటునుంచి ఇటు జరపమంది. వాడు పాపం వరండాలో నిలబడి వచ్చేపోయేవాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాడు.

మునిచంద్ర సంగతంతా చెప్పాడు. శ్రద్ధాంకం గురించి కొంచెం ఎక్కువే చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని పట్టికలో ఒక గడి మీద వేలు పెట్టింది. ‘నిష్క్రియ సమయం’ అని ఉందక్కడ.

“నిష్క్రియ అంటే ఏందప్పా?”

“ఏ పనీ చెయ్యకుండా ఉండడం మేడం. వీడియో ఆపేసి మూడు నిమిషాలు ట్యాబ్‌ను ముట్టుకోకపోతే ‘మీరు ఇక్కడే ఉన్నారా?’ అని అడుగుతుంది. ‘ఉన్నాను’ అని నొక్కకపోతే అక్కణ్ణుంచి నిష్క్రియే. నా సూత్రానికి అదే ప్రాణం.”

ఆవిడ తలూపి, బజారుకు పోయి ఒక సూది, ఒక దారపు ఉండ, అరమీటరు గుడ్డ తెమ్మంది. మునిచంద్రకు లోపల చిర్రెత్తింది. ఐదింటికి జాబితా పంపాలి, ఈవిడకు ఇప్పుడే జాకెట్టు చిరగాలా అనుకున్నాడు. పైకి అనే ధైర్యం లేదు కాబట్టి వెళ్ళి తెచ్చాడు. తీరా తెస్తే ఆవిడ వాటిని ముట్టుకోలేదు. బల్ల సొరుగులోంచి కత్తెర తీసి గుడ్డ మధ్యలో గుండీ పట్టేంత గాటు పెట్టి, అతని ముందుకే తోసింది.

“నీ పేరుతోనే లోపలికి పోయి ఆ పాఠం పెట్టు. చూస్తా కుట్టు.”

“నేనా మేడం?”

“పదకొండుసార్లు చూసినావు కదా.”

అదీ నిజమేననిపించింది. కంపెనీ ఇచ్చిన ట్యాబ్‌ను పుస్తకాలకు ఆనించి, తన పేరుతో పాఠం తెరిచి కుర్చీ ముందుకు లాక్కున్నాడు. సూదిలో దారం ఎక్కించడానికే ఐదు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత వీడియో మొదలుపెట్టాడు. మొదటి రెండు నిమిషాలూ రాజులా నడిచాయి. గాటుకు రెండు వైపులా దారం పరిచాడు, గుడ్డ తిప్పి పట్టుకున్నాడు. “సూది కొన చుట్టూ దారం తిప్పి, ఇలా లాగాలి” అంది గొంతు.

లాగాడు. ముడి అంచుమీద కూర్చోకుండా కిందికి జారిపోయింది. వీడియోలో చెయ్యి మాత్రం అప్పటికే నాలుగో ముడి వేసేస్తోంది. ఉండవమ్మా తల్లీ అనుకుంటూ మోచేత్తో తెర మీద పొడిచి వీడియో ఆపాడు.

ముడి విప్పాడు. మళ్ళీ వేశాడు. దారం ఎటునుంచి తిప్పాలి? కుడినుంచి తిప్పితే పట్టు దొరకలేదు. ఎడమనుంచి తిప్పితే ముడి పడింది గానీ పక్క ముడికి ఆమడ దూరంలో పడింది. గట్టిగా లాగితే గుడ్డ మూతి ముడుచుకుంటోంది, వదులుగా వదిలితే గాటు నోరు తెరుస్తోంది. సూది రెండుసార్లు వేలిలో దిగింది. ఎక్కడో ట్యాబ్ టింగుమంది. ‘మీరు ఇక్కడే ఉన్నారా?’ అని తెరమీద వచ్చింది. ఒక చేతిలో గుడ్డ, ఒక చేతిలో సూది, పళ్ళ మధ్య దారం. దాన్ని నొక్కడానికి మనవాడికి మూడో చెయ్యి లేదు. అసలు ఆ టింగు అతనికి వినపడనేలేదు.

ఎంతసేపైందో తెలియదు. పదిహేనో ముడికి కాబోలు, దారాన్ని తనవైపు కాకుండా కాస్త పైకి లాగితే ముడి తనంతట తనే అంచుమీదికెక్కి కూర్చుంటుందని వేలికి తెలిసింది. ఆ తర్వాతి ముడి దాని పక్కనే, ఆనుకుని పడింది. ఆ తర్వాతిది కూడా. మునిచంద్రకు ఒళ్ళంతా సంతోషమైంది. సగం కాజా పూర్తిచేసి, చిన్నపిల్లాడిలా గుడ్డ ఎత్తి చూపించాడు.

“మేడం, పైకి లాగాలి! వీడియోలో ఆ ముక్క చెప్పలేదు చూడండి.”

తులసీబాయి మేడం గుడ్డ తీసుకుని వెలుతురుకు పెట్టి, ముడుల మీద బొటనవేలితో రాసి చూసింది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఇప్పుడు లెక్క తియ్యమంది.

అతనింకా కాజా సంబరంలోనే ఉండి ల్యాప్‌టాప్ తెరిచాడు. తన పేరు వెతికి, గడుల వెంబడి చూపు పోనిచ్చాడు. పాఠం: కాజా. నిలుపుదల: మూడో నిమిషం. నిష్క్రియ సమయం: నలభై ఏడు నిమిషాలు. సూత్రం తన పని తను చేసింది. శ్రద్ధాంకం, వందకు పంతొమ్మిది.

మునిచంద్ర తన చేతివైపు చూసుకున్నాడు. చూపుడువేలి మీద సూది గుచ్చుకున్న చోట రక్తపు చుక్క ఇంకా ఆరలేదు. ఆ ముప్పై ఒక్క పేర్లనూ మొదటినుంచి చివరిదాకా చదివాడు. నిన్నటిదాకా అవి వరస నంబర్లే. ఇప్పుడు ఒక్కొక్క పేరు దగ్గరా ఒక వేలు కనిపించింది.

మేడం పెన్ను మూత తీసి జాబితా కాగితం దగ్గరికి లాక్కుంది.

“ముప్పై రెండో పేరు నువ్వు రాస్తావా, నన్ను రాయమంటావా?”

అతను కాగితాన్ని ఆవిడ చేతికిందినుంచి మెల్లగా తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ పెన్ను మూత పెట్టేసింది.

ఐదింటికి ఫోన్ మోగింది. మేనేజరే. పేర్లు ఇంకా రాలేదేమని అడిగాడు. సోమవారం పొద్దున్నే పర్మినెంట్ ఆర్డర్లు కొట్టించాలని, ఆలస్యమైతే తనకు మాటొస్తుందని గుర్తుచేశాడు.

“పేర్లు పంపడం లేదు సార్. నా లెక్క తప్పు,” అన్నాడు మునిచంద్ర. “సోమవారం పొద్దున నేనే వస్తాను. ఆర్డర్లు అంతవరకూ ఆపండి. ముందు వాళ్ళు కుట్టిన కాజాలు చూడాలి.”

మేనేజరు నిజంగానే ఆశ్చర్యపోయి అడిగాడు.

“అదేంది సార్? మూడు నెలలాయె. ఇంతవరకూ చూడలేదా?”

మునిచంద్ర మేడం వైపు చూశాడు. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి, అతను సగంలో వదిలిన కాజాను చూస్తోంది.

“లేదు సార్,” అన్నాడు.