నీడన్నర

పిల్లలూ, మీరు పెరుగుతున్న చోట గింజలు అంగట్లో సంచులతో దొరుకుతాయి. చేటెడు గింజలు బదులు అడగడానికి ఒకరి గడప తొక్కే అవసరం మీకు రాలేదు. అందుకే ఓబులేశు నీడ సంగతి మీకెవరూ చెప్పి ఉండరు. వినండి.

ఓబులేశుది గింజలు నాగుకిచ్చే ఇల్లు. వానలకు ముందు గంపెడు తీసుకున్నవాడు, పంట నూర్చాక గంపన్నర కొలవాలి. అదే నాగు. తాతల నాటి నుంచీ అదే లెక్క. వాన పడినా పడకపోయినా ఆ సగం తగ్గదు.

ఆ ఏడు వాన పడలేదు. గంపెడు తీసుకున్న సుంకన్న పిడికెడు కూడా తెచ్చివ్వలేకపోయాడు. వచ్చే నూర్పిళ్ల దాకా గడువు పెట్టారు. అప్పటికీ తీర్చకపోతే అతని కూతురు ఈరమ్మ అప్పు కింద ఓబులేశు ఇంట్లో జీతానికి ఉండాలి. అదీ పాత పద్ధతే.

మాట అయితే కుదిరింది గానీ, ఓబులేశుకు అన్నం సయించలేదు. గుట్ట మీదున్న తన గురువు, ఫకీరు జమాలయ్య దగ్గరికి వెళ్లాడు.

"స్వామీ, నాది తప్పా? రూక పిల్లలు పెట్టదు. దానికి వడ్డీ తప్పంటే ఒప్పుకుంటా. గింజ అలా కాదు. నేలలో పడితే నూరవుతుంది. ఆ నూరులో నేనడిగేది అర గింజ."

"సుంకన్న ఆ గింజలు విత్తాడా, వండుకున్నాడా?"

"అది వాడిష్టం. గంప గంపే కదా."

జమాలయ్య తలూపాడు. "సరే, నాకూ ఒకటి నాగుకివ్వు. నీ నీడ. నూర్పిళ్లకు నీడన్నర ఇస్తా."

"తీసుకోండి స్వామీ. మా ఇంట్లో తిండి అడగనిది అదొక్కటే."

ఫకీరు వంగి, నేల మీది నీడను చాప చుట్టినట్టు చుట్టి చంకన పెట్టుకున్నాడు. ఓబులేశు నవ్వాడు. గుట్ట దిగుతూ కాళ్ల వైపు చూసుకున్నాక నవ్వలేదు.

ఆ తర్వాత వీధి కుక్కలు అతన్ని చూసి మొరగడం మానేశాయి. పక్కకు తప్పుకునేవి. "ఎండలో నిలబడకండి" అంది భార్య. "మీరు ఉన్నట్టే అనిపించడం లేదు."

మళ్లీ పంట పోయింది. గడువు తీరింది. ఈరమ్మను తెచ్చుకోవలసిన పొద్దున ఓబులేశు ముందు గుట్టెక్కాడు.

జమాలయ్య నీడల చుట్ట విప్పి ఎండలో పరిచాడు. ఒకటి ఓబులేశు నీడ. దాని పక్కన ఇంకొకటి, అందులో సగం పొడవుది.

ఓబులేశు చెయ్యెత్తాడు. పెద్ద నీడ ఎత్తింది. చిన్నది ఎత్తలేదు. దాని చంకలో ఏదో బరువుంది. ఆ బరువును ఒకసారి పైకి ఎగదోసుకుని, నడుము ఓరగా పెట్టి నిలబడింది.

ఆ నిలబడే తీరు ఓబులేశుకు తెలుసు. ఈరమ్మ ఎప్పుడూ తమ్ముణ్ణి చంకనేసుకునే తిరుగుతుంది.

"ఇదెక్కడిది స్వామీ?"

"నీడ నాకు పండలేదు, ఓబులేశూ. సగం కలిపిస్తానని మాటిచ్చా కదా. ఉన్నచోటి నుంచి తెచ్చా."

ఓబులేశు గుట్ట దిగాడు. చిన్న నీడ వెనకే వచ్చింది. అతను ఆగితే ఆగింది.

సుంకన్న వాకిట్లో ఈరమ్మ ఎండకు కూర్చుని ఉంది. తమ్ముడు నేల మీద పడి ఏడుస్తున్నా చూడటం లేదు. ఆమె చుట్టూ నేలంతా వెలుగే.

"పొద్దుటి నుంచి ఇట్లే ఉందయ్యా" అన్నాడు సుంకన్న. "పిలిస్తే పలకదు. తీసుకుపోయినా మీకు పనికొస్తుందో లేదో."

ఓబులేశు పిల్లకు ఎదురుగా మట్టిలో కూర్చున్నాడు.

"సుంకన్నా, నీకు పండినప్పుడు గంపెడు ఇవ్వు. గంపెడే."

ఈరమ్మ రెప్ప వేసింది. లేచి తమ్ముణ్ణి ఎత్తుకుని, చంకలోకి ఎగదోసుకుంది.

ఓబులేశు నేల వైపు చూడలేదు. చిన్న నీడ ఇంకా వెనకే ఉందేమో చూసే ధైర్యం చాలక, తల ఎత్తుకునే ఇంటికి నడిచాడు.

పిల్లలూ, రేపు మీరూ ఎవరికైనా ఈ కథ చెప్పండి. ఎంత విన్నారో అంతే చెప్పండి. పైన ఏమీ కలపకండి.