ఎస్తేరు పెట్టిన స్విచ్

ప్రయోగాలు ముగిసిన స్విచ్‌లన్నీ తీసేసింది వకుళ, ఒక్కటి తప్ప.

విశాఖలో బస్సుల వేళలు చెప్పే యాప్ వాళ్లది. కొత్తగా ఏదైనా పెట్టి చూడాలంటే ముందు కోడ్‌లో ఒక స్విచ్ పెడతారు. వేస్తే కొత్త పద్ధతి, ఆపితే పాత పద్ధతి. ఫలితం తేలాక ఆ స్విచ్చూ, దాని వెనకున్న కోడూ తీసేయాలి. ఆ పని జలీల్ గారు వకుళకి అప్పజెప్పారు. ఆమెకి ఈ విద్య నేర్పింది ఆయనే.

మిగిలిన ఆ ఒక్క స్విచ్, వకుళతో కలిసి పనిచేసిన ఎస్తేరు పెట్టింది. చూపులేనివాళ్లకి బస్సుల వేళలు చదివి వినిపించే ప్రయోగం. తర్వాత అంతకన్నా మంచి పద్ధతి వచ్చింది. పోయిన వానాకాలంలో జ్వరమొచ్చి ఎస్తేరు చనిపోయింది.

కిందటి వారం ఎవరో పొరపాటున ఆ స్విచ్ వేశారు. దాని వెనక ఎస్తేరు నాటి వేళలే ఉన్నాయి. చూపులేని ఒక పెద్దాయన, యాప్ చెప్పిన పాత వేళని నమ్మి, ఎప్పుడో రద్దయిన బస్సు కోసం ఎండలో నిలబడి నిలబడి సొమ్మసిల్లి పడిపోయాడు. కోలుకున్నాడని తెలిసింది. అయినా వకుళకి ఆ కోడ్ మీదకి చెయ్యి పోలేదు.

జలీల్ గారికి ఆ మాటే చెప్పింది. తీసేసినా భద్రపరిచిన పాత ప్రతుల్లో ఆ కోడ్ ఎలాగూ ఉంటుందని అందరూ అంటున్నారనీ, అక్కడ ఎవరు చూస్తారనీ, ఇక్కడైతే రోజూ కంటబడుతుందనీ అంది.

"తనది ఇదొక్కటే మిగిలింది సర్."

వకుళ పక్కనే ఎస్తేరు కుర్చీ ఉంది. ఇన్ని నెలలుగా అందులో ఎవరూ కూర్చోలేదు. జలీల్ గారు దాన్ని దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. వకుళ ఉలిక్కిపడింది.

"మొత్తం చదువమ్మా. నేను వింటాను."

ఒక్కో వరుసా చదివింది. మధ్యలో ఒకచోట ఎస్తేరు రాసుకున్న మాట వచ్చింది: 'పెద్దవాళ్లు వింటారు, నెమ్మదిగా చెప్పాలి.' వకుళ ఆ మాట మళ్లీ మొదటినుంచి చదివింది. ఆయన తొందరపెట్టలేదు. చివరిదాకా చదివి, తనే తీసేసింది.

పరీక్షలు నడిపి చూశారు. ఎక్కడా తప్పు రాలేదు. యాప్ ఎప్పటిలాగే బస్సుల వేళలు చెబుతోంది. అప్పుడొచ్చింది వకుళకి ఏడుపు.

"ఏదీ ఆగలేదు సర్," అంది.

జలీల్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"తీసేసిన రోజున ఏదీ ఆగకూడదనే, ఎస్తేరు అలా రాసిందమ్మా."