చూసిపోదామని తెరిచిన పాతర

అనగనగా ఒక ఊళ్ళో... ఊరెక్కడిదిలే, అప్పటికి అడవి అంచున మూడే కొంపలు. అడవి కొట్టి చేను చేసుకుందామని కొత్తగా వచ్చినవాళ్ళు. చేను కాయకముందే వాళ్ళ చేతులు కాయలు కాశాయి.

ఆ మూడు కొంపలకూ పెద్దదిక్కు తిప్పమ్మవ్వ. వానలొస్తే వాగు పొంగి రెండు నెలలు దారుండదు. దాచుకున్నదే తిండి. లేకుంటే పిల్లలు పస్తు.

అందుకని అవ్వ ముందు వంకాయలు తరిగి ఎండబెట్టింది. ఆ తర్వాత చింతపండుకు ఉప్పు పట్టించింది. ఆ తర్వాత పశువుల పాకలో మనిషిలోతు గొయ్యి తవ్వించింది. దాన్నే పాతర అంటారు. లోపల మంటవేసి గోడలు ఆరబెట్టి, చుట్టూ గడ్డి పేర్చి, మూడిళ్ళ జొన్నలూ పోయించి, బండ మూసి మట్టితో మెత్తింది.

"శ్రావణం దాకా ఎవరూ తెరవొద్దు. అందాకా ఇంట్లో ఉన్న గింజలే తినండి. చెమ్మ తగిలితే గింజ చెడుతుంది" అంది, నడుం పట్టుకుని.

మొదటి వాన పడింది. అప్పుడు మొదటి ఇంటి ఓబులేసుకు అనుమానమొచ్చింది, పక్కింటి సుంకన్న జొన్నలు తీశాడేమోనని. బండ జరిపి చూశాడు. ఉన్నాయి. మూశాడు గానీ మట్టి మెత్తలేదు. అనుమానానికున్న ఓపిక పనికుండదు కదా.

రెండో వాన పడింది. మట్టి రాలి ఉండటం సుంకన్న చూశాడు. "ఓబులేసు తీసుంటాడు" అని తనూ తెరిచాడు. అన్నీ ఉన్నాయి.

మూడో వానకు మూడో ఇంటి వాగుడుకాయ మాదమ్మ వచ్చింది. "వాళ్ళిద్దరూ చూశాక నేను చూడకపోతే ఏం బాగుంటుంది?" అని తెరిచింది. చాలా మర్యాదస్తురాలు.

ఒక్కరూ ఒక్క గింజ తీయలేదు. అంత నిజాయితీపరులు. చెమ్మ మాత్రం లోపలికి పోయింది.

నాలుగు రోజులకు పాకంతా ముక్కిన వాసన. అవ్వ బండ తీయించి, లోపలి చెడుగాలి పోయేదాకా ఆగి చూసింది. పైన మూరెడు జొన్న బూజు పట్టింది. కిందిది చెమ్మగిల్లింది.

"ఎవర్రా తెరిచింది?"

"ఊరికే చూశానవ్వా" అన్నాడు ఓబులేసు.

"నేనూ చూడ్డానికేనవ్వా" అన్నాడు సుంకన్న. మాదమ్మ కొంగు సర్దుకుంది.

"చూసీ చూసీ పిల్లల కూడు బూజు పట్టించారు గదరా" అంది అవ్వ. అంతకుమించి తిట్టే ఓపిక లేదు.

వాగు అప్పటికే పొంగింది. ఎండ లేదు. అప్పుడు బూజు పట్టింది పారబోసి, మూడిళ్ళ పొయ్యిలూ వెలిగించి, పెనాల మీద దోసెడు దోసెడుగా జొన్నలు ఆరబెట్టారు. ఆరు రోజులు పట్టింది. ఓబులేసు పొగకు ఏడ్చాడు. సుంకన్న వేళ్ళు కాల్చుకున్నాడు. మాదమ్మ ఆరు రోజులూ నోరు మెదపలేదు. అడవిలో అదే పెద్ద వింత.

ఆ తర్వాత గొయ్యి ఆరబెట్టి మళ్ళీ నింపారు. మళ్ళీ బండ, మళ్ళీ మట్టి. అప్పుడు అవ్వ తన నులకమంచం తెచ్చి ఆ బండ మీదే వేసుకుని వాలింది.

"చూడాలనిపిస్తే నన్ను లేపి చూడండి" అంది.

అవ్వను లేపే మొనగాడెవడు? శ్రావణంలో తెరిస్తే గింజ గట్టిగా ఉంది. పిల్లలు కడుపునిండా సంకటి తిన్నారు. బూజుకు పోయిన మూరెడు మాత్రం ఆ ముగ్గురి ముద్దల్లో తగ్గింది. అవ్వ అటు తిరిగి పడుకుంది.

కథ నడిచె కంచికి,
నడుం వాలె మంచానికి,
మూత పెట్టు కంటికి,
మనం వచ్చాం ఇంటికి.