తీతువు మూడో కూత

అనగనగా ఒక అడవిలో, ఎర్రమట్టి గుట్ట కింద, రెండు రాళ్ల సందులో ఒక ఎలుకల జంట కాపురం ఉండేది. మగ ఎలుక పేరు పోలయ్య. ఆడ ఎలుక పేరు నూకాలు. పోలయ్య మంచివాడే. కాకపోతే ఎవరినీ గట్టిగా ఒక మాట అడగలేడు. మొహమాటం. మనకు తెలిసినవాళ్లలోనూ అలాంటివాళ్లు ఉన్నారు. ఇప్పుడు వాళ్ల వైపు చూసి నవ్వకండి, కథ వినండి.

నూకాలు కడుపుతో ఉంది. వాళ్లుండే సందేమో పల్లంలో ఉంది. ఏటా మొదటి వానకే అందులోకి నీళ్లు వచ్చేస్తాయి. పెద్ద ఎలుకలైతే ఈదుకుంటూ బయటపడతాయి. కళ్లు తెరవని పిల్లలు ఎలా ఈదుతాయి? అందుకని వానలు మొదలయ్యేలోపు మెరక మీద ఒక ఇల్లు కొనుక్కోవాలని ఇద్దరూ అనుకున్నారు.

గుట్ట మీద ఒక అలుగు ఉండేది. అలుగు ఒళ్లంతా పెంకులే. అందుకే అందరూ దాన్ని పెంకయ్య అనేవారు. బొరియలు తవ్వడంలో పెంకయ్యను మించినవాడు లేడు. అలుగుకు భయం వేస్తే బంతిలా చుట్టుకుపోతుంది. పెంకయ్య మాత్రం భయం వేసినా చుట్టుకుపోతాడు, జవాబు చెప్పడం ఇష్టం లేకపోయినా చుట్టుకుపోతాడు. చూసేవాళ్లకు రెండూ ఒకలాగే ఉంటాయి.

పెంకయ్య తన బొరియను అమ్ముతున్నాడని తెలిసి ఇద్దరూ వెళ్లారు. ముందు ఒక గది. దాని వెనక మెత్తటి మట్టితో వెచ్చగా ఇంకో గది. నూకాలు ఆ లోపలి గదిలో కాసేపు కూర్చుంది. లేవబుద్ధి కాలేదు.

"ఏం కావాలి మామా దీనికి?" అని పోలయ్య అడిగాడు.

"మీరు ఏడాదంతా దాచుకున్న గింజలన్నీ ఇవ్వండి అల్లుడూ. గుట్ట అవతల తిండికి చెదపుట్టలు బాగున్నాయట, నేను అక్కడికి వెళ్లిపోతున్నా. త్వరగా తేల్చండి. పొద్దున పందికొక్కు కూడా వచ్చి చూసి వెళ్లింది" అన్నాడు పెంకయ్య.

పందికొక్కు నిజంగా వచ్చిందో లేదో ఆ దేవుడికే తెలియాలి. ఇల్లు అమ్మే ప్రతివాడింటికీ పొద్దున ఎవరో ఒకరు వచ్చి చూసి వెళుతూనే ఉంటారు.

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. బొరియ చేతులు మారాలంటే మూడు సాయంత్రాలు తీతువు పిట్ట చేత కూయించాలి. మొదటి కూత బొరియ వాకిట్లో. రెండో కూత వాగు ఒడ్డున. మూడో కూత వాగు అవతల నల్లబండల మీద. "ఫలానా బొరియ అమ్ముడుపోతోంది, హక్కున్నవాళ్లు చెప్పుకోండి" అని తీతువు అరుస్తుంది. హక్కున్నవాళ్లు వచ్చి చెప్పుకోవాలి. మూడు కూతలు విని కూడా నోరు విప్పకపోతే ఆ హక్కు పోయినట్టే.

నూకాలు తీతువు దగ్గరికి వెళ్లింది. తీతువుకు గొంతు పెద్దది, ఓపిక తక్కువ.

"ఈ పనికి ఎన్నాళ్లు పడుతుందమ్మా?" అని అడిగింది నూకాలు.

"అందరూ మొదట అడిగేది అదే. నేను కూయడానికి ఎంతసేపు? జవాబులు రావద్దూ?" అంది తీతువు.

"ఆ ఇల్లు తవ్వింది పెంకయ్యే కదా. ఇంకా ఎవరిని అడగాలి?"

"తవ్వినవాడు ఆ తర్వాత ఎవరికి ఏం మాట ఇచ్చాడో నీకు తెలుసా? దారి ఎవరిది, గోడ ఎవరిది, తాకట్టు ఏమైనా ఉందా, ఈ మూడూ తెలియందే ఒక్క గింజ కూడా చేతిలో పెట్టకు."

మొదటి సాయంత్రం తీతువు బొరియ వాకిట్లో కూసింది. వెంటనే వెనక పొదలోంచి ముసలి ముళ్లపంది వచ్చింది.

"లోపలి గదికి వెనక ఒక సొరంగం ఉంది. రోజూ పొద్దుగూకే వేళ నేను ఆ సొరంగంలో వచ్చి, ఈ వాకిట్లోంచి బయటికి వెళతాను. ఈ బొరియ తవ్వక ముందు నుంచీ అది నా దారి. ఇల్లు ఎవరిదైనా దారి నాదే" అంది.

పోలయ్య ముఖం మాడిపోయింది. కానీ మొహమాటం కదా. "అలాగే తాతా" అన్నాడు.

రెండో సాయంత్రం తీతువు వాగు ఒడ్డున కూసింది. చెదలు బారులు తీరి వచ్చాయి. "తూర్పు గోడ అవతల మా పుట్ట ఉంది. అటు తవ్వకూడదు" అన్నాయి. పోలయ్య దానికీ తల ఊపాడు.

ఇంటికి వచ్చాక సణగడం మొదలుపెట్టాడు. "చూశావా నూకాలూ, తీతువు నోరు తెరిచినప్పుడల్లా మన ఇల్లు కాస్త తగ్గిపోతోంది."

"తగ్గడం లేదయ్యా. ఎంతుందో తెలుస్తోంది" అంది నూకాలు.

మూడో రోజు పొద్దున్నే ఆకాశం నల్లబడింది. పాత సందును ఒక కప్పకు ఇస్తామని అప్పటికే మాటిచ్చేశారు. నీళ్లొచ్చే ఇల్లని కప్ప మురిసిపోయి, అప్పుడే వాకిట్లో వచ్చి కూర్చుంది. నూకాలుకు నడుము నొప్పి మొదలైంది. సరిగ్గా అప్పుడే పెంకయ్య వచ్చాడు.

"అల్లుడూ, మధ్యాహ్నం దాకా మంచి ఘడియలు. తర్వాత వర్జ్యం. గింజలు ఇచ్చేసి ఇప్పుడే చేరిపోండి."

"మూడో కూత ఇంకా కాలేదు మామా" అన్నాడు పోలయ్య.

పెంకయ్య గొంతు తగ్గించాడు. "తీతువు కూత అపశకునమని లోకమంతా అంటుంది. పురిటికి ముందు దాని చేత ముమ్మారు కూయిస్తావా? నీ ఇష్టం. పుట్టబోయేది నీ పిల్లలు."

పోలయ్య గింజల వైపు చూశాడు. నూకాలు మాత్రం ముందుకు వచ్చి సూటిగా అడిగింది. "ఈ బొరియ మీద ఎవరికైనా తాకట్టు ఉందా, మామా?"

పెంకయ్య ఉన్నపళంగా బంతిలా చుట్టుకుపోయాడు.

"చూడు, పెద్దమనిషిని నొప్పించావు. అలాంటి మాట అడుగుతారా ఎవరైనా?" అన్నాడు పోలయ్య.

"జవాబు చెప్పలేదు కదయ్యా. సాయంత్రం దాకా ఆగుదాం."

"ఆలస్యం అమృతం విషం అన్నారు. వాన పడితే నిన్ను ఎక్కడ పెట్టుకోను?"

నూకాలుకు నొప్పి ఎక్కువైంది. ఇక వాదించలేకపోయింది. పోలయ్య ఏడాది గింజలూ పెంకయ్యకు అప్పగించాడు. సాయంత్రం మూడో కూత కూయడానికి తీతువు రెక్కలు సర్దుకుంటుంటే, అపశకునమట, వద్దని కబురు పంపాడు. పెంకయ్య అప్పటికే గుట్ట దాటేశాడు.

మర్నాటికి లోపలి గదిలో నాలుగు పిల్లలు పుట్టాయి. ఎర్రగా, కళ్లు మూసుకుని, ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. పోలయ్యకు ఎక్కడలేని గర్వం వచ్చింది. రోజూ పొద్దుగూకే వేళ ముళ్లపంది ఇంట్లోంచి నడిచిపోతుంటే మాత్రం ముఖం చిట్లించుకునేవాడు.

ఆ తర్వాత ఒక సాయంత్రం మొదటి వాన పడింది. పాత సందు మునిగిపోయింది, కప్ప పాటందుకుంది. కొత్త బొరియలోకి ఒక్క చుక్క కూడా రాలేదు. "చూశావా?" అని పోలయ్య అంటుండగానే వాకిట్లో వెలుతురు పోయింది.

ఏదో పెద్ద ఒళ్లు మట్టిని రాసుకుంటూ లోపలికి వస్తోంది. ముందు గదంతా నిండిపోయింది. లోపలి గది గుమ్మంలో ఒక తల ఆగింది. అది కొండచిలువ.

నూకాలు పిల్లల మీద వాలిపోయింది.

"కంగారుపడకండి. నేను దొంగను కాను. నా గది కోసం వచ్చాను" అంది కొండచిలువ నెమ్మదిగా.

పోలయ్యకు ఏడుపొచ్చింది. అంతలో వెనక సొరంగం గుర్తొచ్చింది. నూకాలు వైపు చూశాడు. నూకాలు అప్పటికే ఒక పిల్లను నోట కరుచుకుంది. పిల్లలు నాలుగు. ఒక్కసారికి ఒక్కదాన్నే తీసుకుపోగలదు. అంతసేపూ ఈ తలను గుమ్మంలోనే ఆపాలి. ఎలా ఆపాలి? ఆ రోజు అడగడానికి సిగ్గుపడిన ప్రశ్నలు పోలయ్యకు ఇప్పుడు నోటికొచ్చాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

"అయ్యా, ఈ గది మీకు ఎవరిచ్చారు?" అని అడిగాడు.

"పెంకయ్య. పోయిన వానల్లో నాకు చిక్కాడు. బంతిలా చుట్టుకున్నాడు. విప్పుకునేదాకా నేనూ చుట్టుకునే కూర్చున్నాను. ప్రాణం దక్కించుకోవడానికి ఈ గది తాకట్టు పెట్టాడు" అంది కొండచిలువ. తన హక్కు గురించి చెప్పుకోవడం దానికి ఇష్టమే.

నూకాలు ఒక పిల్లను దాటించి వచ్చింది. రెండోదాన్ని అందుకుంది.

"ఎన్నాళ్లకు అయ్యా?"

"ఏటా మొదటి వాన నుంచి చివరి వాన దాకా. పెంకయ్య ఉన్నా, పోయినా, అమ్మినా."

రెండో పిల్ల వెళ్లింది. నూకాలు రొప్పుతూ వచ్చి మూడోదాన్ని కరుచుకుంది.

పోలయ్య ఇంకోటి అడిగాడు. "ఒట్టి గదేనా అయ్యా, ఇంకేమైనా ఉందా?"

"గదీ, అందులో ఉన్నదీ" అంది కొండచిలువ. దాని చూపు నాలుగో పిల్ల మీద పడింది. తల ఒక జానెడు లోపలికి వచ్చింది. "నీ ప్రశ్నలు మంచివే. కానీ ఇక్కడ కాదు అడగాల్సింది. రెండు కూతలు దూరం నుంచి విన్నాను. మూడో కూత నేను పడుకునే బండ మీదే కూయాలి కదా. వస్తే చెప్పుకుందామని చూశాను. రాలేదు."

పోలయ్య దగ్గర ఇక ప్రశ్నలు లేవు. నాలుగో పిల్లకు అడ్డంగా నిలబడ్డాడు. ఎలుక అడ్డం నిలబడితే కొండచిలువ ఆగుతుందా? ఆగదని పోలయ్యకూ తెలుసు. అయినా నిలబడ్డాడు.

అప్పుడు వెనక సొరంగంలో గలగలమని ముళ్లు కదిలిన చప్పుడైంది.

"పొద్దుగూకింది. నా దారికి అడ్డం లేవండి" అంటూ ముళ్లపంది లోపలికి వచ్చింది.

కొండచిలువ కదల్లేదు. "ఈ గది నాది."

"గది నీదే కావచ్చు. దారి నాది. మొదటి కూతకే చెప్పుకున్నాను. ఆ కూత విన్నానని నువ్వే ఇప్పుడు అన్నావు, అడ్డు చెప్పలేదు" అని ముళ్లపంది ముళ్లన్నీ నిక్కబొడుచుకుంది.

కొండచిలువకు కట్టుబాటు తెలుసు. కట్టుబాటు కంటే బాగా ముళ్ల సంగతి తెలుసు. కోపంగా బుసకొట్టి, వచ్చిన దారినే కొంచెం కొంచెంగా వెనక్కి జరిగింది. అదే అదనుగా, మూడోదాన్నీ దాటించి వచ్చిన నూకాలు నాలుగో పిల్లను అందుకుంది. పోలయ్య ఆమె తోక పట్టుకుని సొరంగంలోకి దూరాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ వానాకాలమంతా వాళ్లు ముళ్లపంది పొదలో తలదాచుకున్నారు. గింజలు పోయాయి, ఇల్లు పోయింది. పిల్లలు తడిసి, దగ్గి, ఎలాగో బతికాయి. ఒకరోజు పోలయ్య తనంతట తనే, "నువ్వు అడిగినప్పుడు నిన్నే తప్పుపట్టాను నూకాలూ" అన్నాడు. నూకాలు లేచింది. ఒక పిల్లను తెచ్చి అతని ఒళ్లో పెట్టింది.

మళ్లీ ఎండలు వచ్చాక, మళ్లీ గింజలు కూడాక, వాళ్లు ఇంకో గుట్ట మీద ఒక చిన్న కలుగు చూసుకున్నారు. ఈసారి తీతువు దగ్గరికి పోలయ్యే వెళ్లాడు.

"నా కూత అపశకునం అన్నావట" అంది తీతువు.

"అన్నానమ్మా. తప్పు నాదే. మూడూ కూయి. మూడోది ఇంకాస్త గట్టిగా కూయి."

మొదటి కూతకు ఒక తొండ వచ్చి ఎండ కాచుకునే చోటు అడిగింది, ఇచ్చారు. రెండో కూతకు ఎవరూ రాలేదు. మూడో సాయంత్రం తీతువు నల్లబండల మీద వాలి గొంతెత్తింది. వాగు ఇవతల పోలయ్య, నూకాలు, నాలుగు పిల్లలు నిలబడ్డారు. బండ మీద కొండచిలువ తలెత్తింది. పిల్లలు తల్లి కిందికి దూరాయి. ఆ తల ఎలుకల వైపు చూసింది, తీతువు వైపు చూసింది. ఏమీ అనలేదు. మళ్లీ చుట్టల్లోకి దిగిపోయింది.

తీతువు చీకటి పడేదాకా ఆగింది. బండల మీద నుంచి ఇంకే మాటా రాలేదు. అప్పుడు పోలయ్య గింజల మూట భుజానికెత్తుకుని, "పదండి, ఇంటికి పోదాం" అన్నాడు.

నీతి: ఇల్లు కొనేముందు అడగడానికి మొహమాటపడితే, కొన్నాక అందులో ఉండటానికి భయపడాలి.