ఎండకి జడిసిన కొట్టు

ఒక బట్టల షావుకారు ఊరి నడిబొడ్డున కిటికీలు లేని కొట్టు కట్టాడు.

కారణం లేకపోలేదు. వాళ్ల నాన్న కొట్టు పడమటి ముఖం. ఒక వేసవిలో సాయంత్రపు ఎండ తిన్నగా లోపలికొచ్చి, ఒక వరస పట్టుచీరలన్నీ మడతల దగ్గర వెలిసిపోయేలా చేసింది. తండ్రి ఆ చీరల ముందు కూలబడి ఏడవడం షావుకారు చిన్నప్పుడు చూశాడు. అందుకే పెద్దయ్యాక నాలుగు వైపులా గోడలు లేపి, ఎండకి తన గడపలో చోటు లేదన్నాడు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నవాళ్లు లోకంలో ఉన్నారు కదా, అలాగే ఇదీను.

గోడలు మూస్తే చీకటి. చీకటి పోవాలంటే వెయ్యి దీపాలు. దీపాలకి ఉక్క, ఉక్కకి ఏసీలు, ఏసీల చల్లదనం బయటికి పోకుండా గుమ్మానికి ఇంకో తలుపు. అన్నీ కలిసి పొద్దస్తమానం కరెంటు తాగుతుంటే షావుకారు మురిసిపోయాడు. పాపం, మంచివాడే. జన్మలో ఒక్క జానెడు తక్కువ కొలవలేదు.

అయితే చీరలు కొనే ఆడవాళ్లు దీపాన్ని నమ్మరు. చీర నచ్చగానే భుజాన వేసుకుని రంగు చూసుకోవడానికి వీధిలోకి నడుస్తారు. ఆ కొట్లోంచి బయటపడాలంటే రెండు తలుపులు, పద్దెనిమిది మెట్లు. ఓపిక లేనివాళ్లు దీపం మాటే నమ్మి కొనుక్కుపోయారు.

అలా ఒకావిడ కూతురి పెళ్లికి కుంకుమరంగు చీర కొంది. పెళ్లిపందిట్లో పగటిపూట విప్పితే అది ఇటుకరంగు. మర్నాడే తెచ్చి షావుకారు ముందు విసిరికొట్టింది.

"నిలువునా ముంచావు షావుకారూ! చూపించిందొకటి, ఇచ్చిందొకటి."

"నా పిల్లల మీద ఒట్టమ్మా. మీరు చూసిందే ఇచ్చాను."

"ఒట్లు కూడా ఈ దీపాల కిందేనా?"

ఆ మాట నాలుగు వీధులకీ పాకింది. అబద్ధమాడని మనిషికి అబద్ధాలకోరని పేరు పడితే అన్నం ఎలా సహిస్తుంది? రంగు బాగా కనబడాలని షావుకారు ఇంకో వంద దీపాలు పెట్టించాడు. ఉక్క పెరిగింది, చెడ్డపేరు మాత్రం పోలేదు.

చివరికి కట్టడాలకి ప్లాన్లు గీసే ఆవిణ్ణి పిలిపించాడు. ఆవిడ టేపు తియ్యలేదు. సుద్దముక్క పట్టుకుని ఎదుటి అరుగు మీద కూర్చుంది. చీరతో బయటికొచ్చినవాళ్లు ఎక్కడ ఆగి రంగు చూసుకుంటారో, అక్కడ నేల మీద ఒక గుర్తు పెట్టేది. వారం రోజులు ఇదే పని. షావుకారుకి ఒళ్లు మండింది.

"కొట్టు బాగుచేస్తారని పిలిస్తే వీధిలో ముగ్గులేస్తున్నారేమిటమ్మా?"

"ఈ గుర్తుల్లో ఒక్కటైనా ఎండలో ఉందేమో చూడండి షావుకారు గారూ."

లేదు. అన్నీ కొట్టుకి ఉత్తరాన, గోడ నీడలోనే ఉన్నాయి.

"ఎండ వేరు, వెలుగు వేరు. అక్కాచెల్లెళ్లే గానీ ఒకళ్ల గుణం ఒకళ్లకి రాలేదు. మీరు అక్కకి జడిసి చెల్లెలి మొహాన తలుపేశారు."

షావుకారు ఆ గుర్తుల వెంట చివరిదాకా నడిచి వచ్చాడు. తర్వాత "మీకు తోచినట్టు కట్టండి" అన్నాడు.

ఆవిడ మెట్లూ గోదామూ పడమర గోడకి చేర్చింది, ఎండ ఎంత కాసినా అక్కడే అలిసిపోయేటట్టు. డాబాకి తెల్లసున్నం కొట్టించింది. ఉత్తరపు గోడని నిలువెత్తున తెరిచి, చీరలు పరిచే బల్ల దాని ముందు వేయించింది. పదకొండు వందల దీపాల్లో నలభై మిగిలాయి. ఏసీలు మిట్టమధ్యాహ్నం తప్ప కునుకు తీశాయి. చీరలమ్మే ఆడపిల్లలు తలనొప్పి మాత్రలు మానేసి ఆవిడకి దణ్ణాలు పెట్టారు.

షావుకారు కూడా పట్టుచీర పెట్టబోతే ఆవిడ నవ్వింది. "నాదేముంది? దారి చూపించింది మీ కొట్టుకొచ్చే వాళ్ల కాళ్లు. ఆ దణ్ణమేదో వాళ్లకి పెట్టండి."

కొట్టు మళ్లీ తెరిచిన పొద్దున మొదట ఒక ముసలావిడ వచ్చి నెమలికంఠం రంగు చీర ఏరుకుంది. షావుకారు మడత విప్పి, ఆగిపోయాడు. కొంగు దగ్గర జానెడు మేర పోగు తప్పింది. ఆ చీర ఎన్నిసార్లు తన చేతుల మీదుగా తిరిగిందో! దీపాల కింద ఒక్కనాడూ కనబడలేదు. ఆవిడకి చూపు ఆనడం లేదు. ఇంకా బోణీ కాలేదు.

"మామ్మగారూ, ఇది వద్దు. పోగు తప్పింది."

ఆవిడ చీరని కళ్లకి దగ్గరగా పెట్టుకుని వేలితో తడిమింది.

"అవును సుమా."

"ఇంకోటి తీస్తాను, కూర్చోండి."

"వద్దు నాయనా, ఇదే కట్టియ్యి. దీనిలో ఏముందో నాకు తెలిసిందిగా."

షావుకారుకి కళ్లు చెమర్చాయి. ఇంత దయ తన గుమ్మం బయటే ఇన్నాళ్లు నిలబడి ఉందా అనిపించింది. ముందు ఆవిడకి చేతులు జోడించాడు. తర్వాత చీరని నెమ్మదిగా మడతపెట్టాడు, తప్పిన పోగు పైకి కనబడేటట్టు.