పాల వేరు మీద సపోటా

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక వాగు. వాగుకు ఇవతల ఒక రాళ్ళ దిబ్బ. ఆ దిబ్బ మీది గుహలో భల్లమ్మ అనే ఎలుగుబంటి తన ఇద్దరు కూతుళ్ళతో ఉండేది.

వాగుకు అవతల ఒకే ఒక్క సపోటా చెట్టు ఉంది. దాని పండు ఒకసారి తిన్న నోటికి ఇంకేదీ రుచించదు. ఒక ఏడు తొలకరిలో తల్లీపిల్లలు పండ్లు తిని తిరిగి వస్తుంటే వాగు ఒక్కసారిగా పొంగింది. చిన్నపిల్ల చిట్టి కొట్టుకుపోయింది. పెద్దపిల్ల బుల్లి మిగిలింది.

భల్లమ్మ ఎన్ని రోజులు ఏడ్చిందో లెక్కలేదు. ఏడ్చి ఏడ్చి చివరికి ఇలా అనుకుంది: "వద్దంటే బుల్లి ఆగదు. నేను చూడనప్పుడు వాగులో దిగుతుంది. ఆ చెట్టేదో మన ఇంటి ముందే ఉండాలి."

వెంటనే కొండముచ్చు గెంతులయ్య దగ్గరికి వెళ్ళింది. గెంతులయ్య చాలాకాలం మనుషుల నర్సరీ గోడ మీద కూర్చుని, అంటు కట్టే పని కళ్ళారా చూసినవాడు. చెట్ల మీదుగా వాగు దాటగలడు కూడా. మరి పండ్లు వాడి చేతే తెప్పించుకోవచ్చుగా అంటారా? కొండముచ్చు చేతిలో పండు వాగు దాటేదాకా మిగులుతుందా, మీరే చెప్పండి!

"గింజ నాటితే ఏళ్ళకేళ్ళు పడుతుంది అత్తా" అన్నాడు గెంతులయ్య. "పైగా తల్లి తీపి పిల్లకు వస్తుందన్న నమ్మకం లేదు. అంటు కడదాం. పైన పండు కోసం సపోటా కొమ్మ. కింద వేరు కోసం సపోటాకు చుట్టమైన ఇంకో మొక్క. అలాంటివి మన అడవిలో రెండున్నాయి. ఒకటి ఇప్ప, ఇంకొకటి పాల. ఏది కావాలో నువ్వే చూసుకో."

భల్లమ్మ చూసింది. రెండు మొక్కలదీ ఒకటే వయసు. ఇప్ప మొక్క తన మోకాలి దాకా ఎదిగింది. పాల మొక్క వేలెడు కూడా లేదు.

"ఇదేమిటి, అన్నం పెట్టనట్టు ఇలా ఉంది!" అంది భల్లమ్మ. "నాకు అంత ఓపిక లేదు. ఇప్పే కట్టు."

అప్పుడే ముళ్ళపంది ముళ్ళప్ప గలగలమంటూ వచ్చాడు. "భల్లమ్మక్కా, ఇప్ప వద్దు. పాల పెట్టు. ఈ దిబ్బ మీద మట్టి జానెడే. ఆ కిందంతా రాయి. ఇప్ప వేరు రాయిలోకి దిగదు. పాల వేరు పగులు వెతుక్కుని దిగుతుంది."

"నీకెలా తెలుసు?"

"వేర్లు తవ్వుకు తినేవాణ్ణి కదా."

భల్లమ్మకు ఒళ్ళు మండింది. "చెట్ల వేర్లు కొరికేవాడివి, నాకు చెట్టు పెంచడం నేర్పుతావా? పో ఇక్కణ్ణుంచి!"

"నా మేలు చూసుకుంటే ఇప్పే పెట్టమంటాను అక్కా. దాని వేరు మెత్తగా, కమ్మగా ఉంటుంది" అన్నాడు ముళ్ళప్ప మెల్లగా. "చిట్టి నా ముళ్ళు ఏరుకుని ఆడుకునేది. అందుకే చెబుతున్నాను."

భల్లమ్మ మొహం తిప్పుకుంది. గెంతులయ్య ఇప్ప మొక్కను గుహ ముందు నాటి, సపోటా కొమ్మను దానికి అతికి, నారతో బిగించి కట్టాడు.

మొదటి ఏడు మొక్క గుబురుగా ఎదిగింది. రెండో ఏడు భల్లమ్మ కంటే ఎత్తయింది. ముళ్ళప్ప ఎదురైతే చాలు, భల్లమ్మ "చూశావా మా చెట్టు?" అని దెప్పేది. ముళ్ళప్ప తల వంచుకుని పోయేవాడు. మూడో ఏడు ఎండలు మండిపోయాయి. ఆకులు రాలాయి. పూత రాలింది. తొలకరి గాలి ఒకటి గట్టిగా కొట్టేసరికి చెట్టు వేళ్ళతో సహా పడిపోయింది.

భల్లమ్మ దగ్గరికి వెళ్ళి చూసింది. వేర్లన్నీ విస్తరిలా పైపైనే పరుచుకుని ఉన్నాయి. రాయి తగిలిన చోటల్లా పక్కకు తిరిగిపోయాయి. ఒక్కటీ లోపలికి దిగలేదు.

"అమ్మా, ఈసారి కూడా మనకు పండ్లు లేవా?" అంది బుల్లి. తల్లి జవాబు చెప్పేలోగా వాగు వైపు పరుగెత్తింది. భల్లమ్మ వెనకే పరుగెత్తి, మెడ దాకా నీళ్ళలోకి దిగిపోయిన పిల్లను నోట కరుచుకుని ఒడ్డుకు లాగింది.

ఆ సాయంత్రమే ముళ్ళప్ప బొరియ దగ్గరికి వెళ్ళింది. "తమ్ముడూ, నీ తిండి చూసి నీ మాట కొట్టిపారేశాను. నా పిల్ల మళ్ళీ వాగులో దిగింది. తప్పు నాదే. మా దిబ్బ మీద పగులు ఎక్కడుందో చూపిస్తావా?"

"పద అక్కా" అన్నాడు ముళ్ళప్ప. వెంటనే ముందు నడిచాడు.

ఇద్దరూ రెండు రాళ్ళ నడుమ పాల మొక్క నాటారు. అది వేలెడు నుంచి జానెడు కావడానికే రెండేళ్ళు పట్టింది. కాడ గట్టిపడ్డాక గెంతులయ్య వచ్చి అంటు కట్టాడు. ఆ పైన మరో అయిదేళ్ళు. అన్నేళ్ళూ సపోటాలు పండినప్పుడల్లా బుల్లి వాగు దాటుతూనే ఉంది. అది తిరిగి వచ్చేదాకా భల్లమ్మ ఒడ్డున ఊపిరి బిగబట్టుకుని నిలబడేది. తొందరపడి పోగొట్టుకున్న మూడేళ్ళూ అప్పుడు గుర్తొచ్చేవి.

చెట్టు నిండుగా కాసేనాటికి బుల్లికే ఇద్దరు పిల్లలు పుట్టారు. భల్లమ్మ పండ్లు రాల్చి వాళ్ళ ముందు పోసింది. కడుపు నిండా తిన్నాక చిన్నది అడిగింది, "అమ్మమ్మా, వాగుకు అవతల ఏముంది?"

"ఏమీ లేదు తల్లీ" అంది భల్లమ్మ.

"అయితే దాహమేసినప్పుడు నీళ్ళకే వాగు దాకా వెళ్దాంలే" అని ఆ పిల్ల చెట్టు నీడలో పడుకుని నిద్రపోయింది.

నీతి: ఏ పండు కావాలో మనం కోరుకోవచ్చు, ఏ వేరు కావాలో మాత్రం నేలనే అడగాలి. నేల సంగతి తెలిసినవాడు మనకు నచ్చనివాడైనా సరే, వాడి మాట వినాలి.